లోడ్ పడితే ఆగిపోయే పాత ట్రాక్టర్: పంపు విప్పే ముందు ట్యాంకు చూడండి

అన్నా, మీరు అడిగినదాన్ని ముందు ఒకసారి చెప్తాను, నేను సరిగ్గానే అర్థం చేసుకున్నానో లేదో చూడండి. నర్సంపేట వైపు ఊరు. పాతికేళ్లు దాటిన 35 హెచ్‌పీ ట్రాక్టర్, మూడు సిలిండర్లు, మైకో ఇన్‌లైన్ పంపు (నాజిళ్లకు ప్రెషర్‌తో డీజిల్ తోసే పెద్ద పంపు; నాజిల్ అంటే ఆ డీజిల్‌ను సిలిండర్‌లోకి చిమ్మేది). పొద్దున ఒక్క సెల్ఫ్‌కే లేస్తుంది. ఫుల్ వీల్స్ (ఇనుప చక్రాలు) వేసి కరిగెటలో (నాట్ల కోసం బురద దున్నడంలో) దింపితే అరగంట బాగా నడుస్తుంది, ఆ తర్వాత సౌండ్ తగ్గుకుంటూ వచ్చి ఆగిపోతుంది. హ్యాండ్ పంపు కొడితే మళ్లీ స్టార్ట్ అవుతుంది, కాసేపటికి మళ్లీ ఆగుతుంది. డీజిల్ ఫిల్టర్లు రెండూ మార్చినా తేడా లేదు. ఊర్లో మెకానిక్ పంపు పోయింది, వరంగల్ తీసుకెళ్లి క్యాలిబ్రేషన్ (అన్ని సిలిండర్లకూ డీజిల్ సమంగా పోయేలా సరిచేయడం) చేయించాలంటున్నాడు. చేయించాలా, వద్దా?

ఇప్పుడే వద్దు. మీరు చెప్పిన లక్షణాలను బట్టి ముందు అనుమానించాల్సింది ట్యాంకు నుంచి ఫీడ్ పంపు (ట్యాంకులోని డీజిల్‌ను లాగి ఫిల్టర్ల మీదుగా పెద్ద పంపుకు అందించే చిన్న పంపు) దాకా ఉన్న దారిని. అంటే ట్యాంకు మూత, ట్యాంకు అడుగు, కాక్ (ట్యాంకు కింది కుళాయి), రబ్బరు పైపు, ఫీడ్ పంపు జాలి. ఇవన్నీ ఒక పూటలో మీరే చూసుకోవచ్చు, రెండు మూడు పానాలు, ఒక బకెట్, ఒక శుభ్రమైన డబ్బా ఉంటే చాలు. నాట్లు నెత్తి మీద ఉన్నప్పుడు పంపు విప్పి వరంగల్ పంపితే వేలల్లో ఖర్చు, పైగా బండి ఎన్ని రోజులు షెడ్డులో ఉంటుందో చెప్పలేం. తిరిగొచ్చాక అదే మురికి ట్యాంకుకు ఆ పంపును బిగిస్తే మళ్లీ ఇదే జరుగుతుంది. నేను పరకాల దగ్గర ట్రాక్టర్ల పని చేస్తాను, డీజిల్ సిస్టమ్ పనే ఎక్కువ. సీజన్‌లో "పంపు పోయిందట" అని నా దగ్గరికి వచ్చే బండ్లలో ఎక్కువ వాటికి పంపు ముట్టుకునే అవసరమే రాదు.

మీ ప్రశ్నలో నాకు బాగా పనికొచ్చిన మాట, హ్యాండ్ పంపు కొడితే స్టార్ట్ అవుతుందన్నది. హ్యాండ్ పంపు చేసే పని ఒక్కటే: ట్యాంకులోని డీజిల్‌ను లాగి ఫిల్టర్ల మీదుగా పెద్ద పంపులోకి నింపడం, మధ్యలో చేరిన గాలిని ముందుకు తోయడం. అది కొట్టగానే ఇంజిన్ లేస్తోందంటే, డీజిల్ అందినప్పుడు పెద్ద పంపు తన పని తాను చేస్తోందన్నమాట. ఇన్‌లైన్ పంపులో ఎలిమెంట్లు (డీజిల్‌ను ప్రెషర్‌తో నెట్టే లోపలి భాగాలు) అరిగితే మొదట దెబ్బతినేది పొద్దుటి స్టార్టింగ్. సెల్ఫ్ నెమ్మదిగా తిప్పుతుంది కాబట్టి అరిగిన ఎలిమెంట్ ఆ వేగంలో ప్రెషర్ కట్టలేదు. మీ బండికి ఆ ఇబ్బందే లేదు.

మరి ఖాళీగా తిరిగినప్పుడు ఎందుకు ఆగడం లేదు? ఐడిల్‌లో (లోడ్ లేకుండా మెల్లగా తిరిగేటప్పుడు) ఈ సైజు ఇంజిన్ గంటకు లీటరు కూడా తాగదు. కరిగెటలో ఐదారు లీటర్ల దాకా తాగుతుంది. పైగా ఫీడ్ పంపు ఎప్పుడూ ఇంజిన్‌కు కావలసినదానికన్నా ఎక్కువే తోస్తుంది, మిగిలింది రిటర్న్ పైపులో వెనక్కి పోతుంది. కాబట్టి దారి సగం మూసుకున్నా ఖాళీ బండికి సరిపోతుంది, లోటు బయటపడేది లోడ్ మీదనే. ఊర్లోకి ట్రాలీ తోలినప్పుడు బాగానే ఉంది, మడిలో దిగితేనే సతాయిస్తోంది అని అందరూ చెప్పేది ఇందుకే.

ఆగే ముందు పొగ ఏ రంగులో వచ్చింది? మీరు రాయలేదు, ఈసారి ఆగినప్పుడు సైలెన్సర్ వైపు చూడండి. పొగ పెద్దగా లేకుండా, గొంతు పూడుకుపోయినట్టు మెల్లగా ఆగితే డీజిల్ అందడం లేదు. నల్ల పొగ కక్కుతూ పడిపోతే డీజిల్ అందుతోంది, గాలి అందడం లేదు, లేదా నాజిల్ సరిగ్గా చిమ్మడం లేదు. అప్పుడు డీజిల్ లైన్ వదిలేసి ముందు ఎయిర్ క్లీనర్ విప్పాలి. మీది ఆయిల్ బాత్ (అడుగు గిన్నెలో ఆయిల్ పోసే) రకమే అయ్యుంటుంది. వరికోతల్లో, మక్కలు పట్టేటప్పుడు తిరిగిన బండికి ఆ గిన్నెలో అడుగున బురద పేరుకుంటుంది, పై జాలిలో పొట్టు ఇరుక్కుంటుంది. తెల్ల పొగ వస్తే డీజిల్ కాలకుండానే బయటికి పోతోంది: నీళ్లు కలవడం, నాజిల్ కారడం, టైమింగ్ (డీజిల్ చిమ్మాల్సిన క్షణం) తప్పడం, కంప్రెషన్ లేకపోవడం, వీటిలో ఏదైనా కావొచ్చు. నీలం పొగ అయితే ఇంజిన్ ఆయిల్ కాలుతోంది, అది వేరే జబ్బు.

పొగ లేకుండా ఆగుతోందనే అనుకుని చెప్తాను.

మొదట మూత. బండి సౌండ్ తగ్గడం మొదలవగానే దిగి ట్యాంకు మూత వదులు చేయండి. లోపలికి గాలి పీల్చుకుంటూ ఉస్సుమని శబ్దం వచ్చి, ఇంజిన్ మెల్లగా తేరుకుంటే జబ్బు దొరికినట్టే. డీజిల్ తగ్గిన కొద్దీ ఆ ఖాళీలోకి గాలి వెళ్లాలి, అందుకు మూతకు సన్నటి బెజ్జం ఉంటుంది. అది బురదతో పూడితే ట్యాంకులో వ్యాక్యూమ్ ఏర్పడి డీజిల్‌ను వెనక్కి పట్టి ఉంచుతుంది. ములుగు వైపు నుంచి ఒక రైతు ఇదే బాధతో వచ్చాడు. మూత తీసి చూస్తే కింద పాల ప్యాకెట్ కవరు మడిచి పెట్టి ఉంది, వాన నీళ్లు పోకుండా కొడుకు పెట్టాడట. కవరు తీసేస్తే బండి బాగైంది. మూత పోయిందని ఏదో దొరికిన మూత బిగించినవాళ్లూ ఉన్నారు, దానికి బెజ్జమే ఉండదు. మీది ఎప్పుడైనా మార్చారేమో గుర్తు చేసుకోండి.

మూత కాకపోతే డబ్బా పరీక్ష చేయండి. ఈ ఒక్క పరీక్షతో జబ్బు ట్యాంకు వైపు ఉందా, పంపు వైపు ఉందా తేలిపోతుంది. ఫీడ్ పంపులోకి వచ్చే పైపును విప్పి పక్కన పెట్టండి. ఐదు లీటర్ల శుభ్రమైన డబ్బాలో వడగట్టిన డీజిల్ పోసి, ఇంజిన్ కన్నా ఎత్తులో గట్టిగా కట్టండి, సైలెన్సర్‌కు దూరంగా. అందులోంచి కొత్త పారదర్శకమైన డీజిల్ పైపును ఫీడ్ పంపుకు బిగించి, ఎయిర్ తీసి (ఎలాగో కింద చెప్తాను), లోడ్ మీద నడపండి. రిటర్న్ పైపు ట్యాంకులోకే పోతుంది కాబట్టి డబ్బా అనుకున్నదానికన్నా త్వరగా ఖాళీ అవుతుంది, రెండో డబ్బా పక్కన పెట్టుకోండి. అరగంట దాటినా ఆగలేదంటే మీ పంపు, మీ నాజిళ్లు, మీ ఫిల్టర్లు అన్నీ బాగున్నట్టే. తప్పంతా ట్యాంకు, కాక్, పైపుల్లోనే ఉంది. డబ్బాతో కూడా ఆగిపోతే ఫీడ్ పంపు నుంచి ముందుకు వెతకాలి.

నా అనుమానం మీది ట్యాంకు అడుగే. పాత ట్యాంకు విప్పి కడిగితే ఏం వస్తుందో ఒక్కసారి చూస్తే మీరు జన్మలో మర్చిపోరు. తుప్పు పెళ్లలు, గోనె దారాలు, వరి గడ్డి పోచ, క్యాన్ మూత కింది ప్లాస్టిక్ ముక్క, పత్తి ఏరే రోజుల్లో అయితే పింజ కూడా. వీటన్నిటినీ కలిపి పట్టి ఉంచే నల్లటి జిగురు ఒకటి ఉంటుంది, వేళ్ల మధ్య రుద్దితే సాగుతుంది, కుళ్లు వాసన వస్తుంది. డీజిల్ కింద నీళ్లు నిలిస్తే ఆ రెండూ కలిసే చోట సూక్ష్మజీవులు పెరిగి తయారయ్యే మురికి అది. ఇంజిన్ డీజిల్ లాగుతున్నంతసేపు ఈ చెత్త మెల్లగా జరుగుతూ వచ్చి కాక్ నోటికి అతుక్కుంటుంది. ఇంజిన్ ఆగగానే లాగుడు ఆగుతుంది, చెత్త వదిలేసి పక్కకు తేలుతుంది. అందుకే పది నిమిషాలు ఆగి హ్యాండ్ పంపు కొడితే మళ్లీ డీజిల్ వస్తుంది. మీ బండి అరగంట నడవడం, ఆగడం, మళ్లీ లేవడం, మూడూ దీనికి సరిగ్గా సరిపోతున్నాయి.

దీన్ని పట్టుకునే తీరు ఇది. ఫీడ్ పంపు దగ్గర పైపు విప్పి, కొసను బకెట్‌లో పెట్టి కాక్ పూర్తిగా తెరవండి. చాలామంది ధార రాగానే "బాగానే వస్తోంది" అని మూసేస్తారు. అలా కాదు, రెండు మూడు లీటర్లు పోనివ్వండి. ధార మొదట్లో ఎంత లావుగా ఉందో చివరిదాకా అంతే ఉండాలి. మధ్యలో సన్నబడినా, తెగి తెగి వచ్చినా అడుగున చెత్త ఉంది. గాలి కొట్టే పంపుతో పైపులోంచి వెనక్కి ఊదితే అప్పటికి దారి తెరుచుకుంటుంది, ఆ పూట పని గడుస్తుంది. కానీ చెత్త ట్యాంకులోనే ఉంటుంది. వీలు చూసుకుని ట్యాంకు దించి డీజిల్‌తోనే కడగండి. నీళ్లతో కడిగితే తడి మిగిలి మళ్లీ తుప్పు పడుతుంది, పెట్రోల్ ఆవిరికి నిప్పు ప్రమాదం. కాక్ విప్పి దాని జాలి కూడా చూడండి. ట్యాంకు కారుతోందని నేరుగా వెల్డింగ్‌కు మాత్రం ఇవ్వకండి. లోపల ఆవిరి మిగిలి ఉంటే పేలుతుంది, ఆ పని తెలిసినవాళ్లే చేయాలి.

తర్వాత రబ్బరు పైపు. దాన్ని చేత్తో వంచి, పగుళ్లు ఉన్నాయేమో క్లిప్పుల దగ్గర చూడండి. ఇక్కడ ఒక సంగతి చాలామందికి తట్టదు. ట్యాంకు ఎత్తులో ఉంటుంది కాబట్టి పైపు పగిలితే డీజిల్ బయటికి కారాలి, కారడం లేదు కాబట్టి పైపు బాగుంది అనుకుంటారు. పైన కాక్ దగ్గర సగం మూసుకున్నప్పుడు ఫీడ్ పంపు గట్టిగా లాగుతుంది, అప్పుడు అదే పగులులోంచి గాలి లోపలికి వస్తుంది. చిల్లి ఉన్న స్ట్రాతో కొబ్బరి నీళ్లు తాగినట్టే, బయటికి చుక్క కారదు, నోట్లోకి మాత్రం గాలే వస్తుంది. లోపలి పొర ఊడి పైపులోనే మూతలా అడ్డం పడటం కూడా చూశాను, పైకి పైపు కొత్తదానిలా మెరుస్తుంటుంది. మీటర్ల లెక్కన దొరికే వస్తువు, అనుమానం ఉంటే మార్చేయండి. డీజిల్ పైపే కొనండి, నీళ్ల పైపు డీజిల్‌కు మెత్తబడి పాడవుతుంది.

ఫీడ్ పంపులో చిన్న జాలి ఉంటుంది. ఫిల్టర్లు రెండూ మార్చాం అన్నారు, దీన్ని చూశారా? డీజిల్ లోపలికి వచ్చే చోట బోల్టు విప్పితేనో, గిన్నె ఉంటే గిన్నె దించితేనో కనబడుతుంది. ఫిల్టర్ మార్చిన ప్రతిసారీ దీన్ని కడగాలి. బోల్టుకు అటూ ఇటూ ఉండే రాగి వాసర్లు కొత్తవి వేయండి. హ్యాండ్ పంపు కొట్టిన తర్వాత దాని పిడిని కిందికి నొక్కి తిప్పి బిగించాలి, వదిలేస్తే అక్కడినుంచే గాలి పడుతుంది. కొడుతుంటే చేతికి బరువే తగలకపోతే లోపలి వాల్వులు కూర్చోవడం లేదు, స్ప్రింగు విరిగి ఉండొచ్చు. ఫీడ్ పంపు కిట్టు విడిగా దొరుకుతుంది, దానికోసం పెద్ద పంపు దించక్కర్లేదు. మైకో కంపెనీ 2008లో బాష్ అని పేరు మార్చుకుంది, కిట్టు డబ్బా మీద ఆ పేరు ఉంటే వేరే కంపెనీ సామాను అని వెనక్కి ఇచ్చేయకండి.

ఫిల్టర్లు మార్చారు కాబట్టి ఇంకోటి అడగాలి. ఫిల్టర్ మార్చాకే ఈ బాధ ఎక్కువైందా? అయితే ఫిల్టర్ హెడ్‌లో చేయి పెట్టి చూడండి. పాత రబ్బరు రింగు హెడ్‌కు అతుక్కుని అక్కడే ఉండిపోతుంది, ఫిల్టర్‌తో వచ్చిన కొత్త రింగు దాని మీద కూర్చుంటుంది. రెండు రింగుల మీద గిన్నె వంకరగా కూర్చుని కారుతుంది, ఇంజిన్ ఆగాక లోపలికి గాలి చేరుతుంది. పైకి చూస్తే గట్టిగా బిగించినట్టే ఉంటుంది. చీకట్లో, తొందరలో చేసిన ఫిల్టర్ పనుల్లో ఇది నాకు తరచూ కనబడుతుంది. మొదటి ఫిల్టర్ గుడ్డది, రెండోది పేపర్‌ది అయితే వాటిని తారుమారు చేయకూడదు. పేపర్ ఫిల్టర్‌ను కడిగి మళ్లీ వేయడం అసలే వద్దు, కంటికి కనబడని చిరుగు చాలు, ఎలిమెంట్లు అరిగిపోవడానికి.

ఇక ఎయిర్ తీయడం. పని ఎంత బాగా చేసినా ఇది సరిగ్గా చేయకపోతే బండి లేవదు. ట్యాంకులో కనీసం సగం డీజిల్ ఉండాలి, స్టాప్ నాబ్ లోపలికి పూర్తిగా పోయి ఉండాలి. మొదటి ఫిల్టర్ మీది ఎయిర్ స్క్రూ వదులు చేసి, నురుగు పోయి స్వచ్ఛమైన డీజిల్ వచ్చేదాకా హ్యాండ్ పంపు కొట్టి, డీజిల్ వస్తుండగానే బిగించండి. తర్వాత రెండో ఫిల్టర్, తర్వాత పెద్ద పంపు మీది స్క్రూ, ఇదే వరుసలో. వరుస తప్పితే వెనక మిగిలిన గాలి మళ్లీ ముందుకు వస్తుంది. అప్పటికీ లేవకపోతే నాజిళ్ల దగ్గర పైపు నట్లు అర తిప్పుడు వదులు చేసి, యాక్సిలరేటర్ సగం పెట్టి, సెల్ఫ్ కొట్టండి. మూడింటి దగ్గరా డీజిల్ చిమ్మగానే బిగించేయండి. సెల్ఫ్ ఒక్కసారికి పది పదిహేను సెకన్లు దాటనివ్వకండి, మధ్యలో కాసేపు ఆగండి.

ఇక్కడ గట్టిగా చెప్పాల్సిన మాట ఒకటి ఉంది. నాజిల్ చిమ్ముతుంటే చేయి అడ్డం పెట్టకండి, నట్ల మీద గుడ్డ పట్టుకుని తడమకండి. ఇలాంటి ఇంజిన్లలో నాజిల్ తెరుచుకునే ప్రెషర్ దాదాపు 200 బార్ చుట్టుపక్కల ఉంటుంది. ఆ ధార చర్మాన్ని చీల్చుకుని కండలోకి పోతుంది. పైకి సూది గుచ్చినట్టే కనబడుతుంది, పెద్దగా నొప్పి కూడా ఉండదు, కానీ లోపల వేలు కుళ్లిపోయి తీసేయాల్సిన పరిస్థితి వస్తుంది. అలా జరిగితే పసుపు పెట్టి ఊరుకోవద్దు. వెంటనే పెద్దాసుపత్రికి వెళ్లి, డీజిల్ ప్రెషర్‌తో లోపలికి పోయిందని డాక్టర్‌కు అదే మాటలో చెప్పండి.

డబ్బా పరీక్షలో కూడా బండి ఆగిపోయి, ఫీడ్ పంపు, ఫిల్టర్ రింగులు బాగున్నాయంటే ఓవర్‌ఫ్లో వాల్వు చూడండి. ఫిల్టర్ హెడ్ మీదో, పంపు మీదో రిటర్న్ పైపు తగిలే బోల్టు అది, లోపల స్ప్రింగు, గోళీ ఉంటాయి. స్ప్రింగు విరిగితే డీజిల్ అంతా ట్యాంకులోకే తిరిగిపోతుంది, పంపులో ప్రెషర్ నిలవదు. చిన్న వస్తువు, చాలామంది దాని జోలికే పోరు. దాని స్థానంలో మామూలు బోల్టు బిగించిన బండ్లు కూడా నా దగ్గరికి వచ్చాయి.

నాజిళ్లను అనుమానిస్తే ఐడిల్‌లో ఒక్కో నాజిల్ పైపు నట్ వదులు చేసి ఇంజిన్ సౌండ్ వినండి. వదులు చేయగానే ఇంజిన్ తడబడితే ఆ సిలిండర్ పని చేస్తోంది. తేడా లేకపోతే ఆ సిలిండర్ దండగ, ఆ నాజిల్‌ను టెస్టింగ్‌కు తీసుకెళ్లండి. కొసను ఉప్పుకాగితంతో రుద్దకండి, బెజ్జాలు చెడిపోతాయి.

పంపు నిజంగానే చూపించాల్సిన సందర్భాలు కూడా ఉన్నాయి. ఇంజిన్ ఆయిల్ లెవెల్ పెరుగుతుంటే, డిప్‌స్టిక్‌కు డీజిల్ వాసన వస్తుంటే బండి అక్కడే ఆపేయండి. ఫీడ్ పంపు నుంచో, పంపు నుంచో, కారే నాజిల్ నుంచో డీజిల్ ఆయిల్‌లో కలుస్తోంది. పలచబడిన ఆయిల్‌తో నడిపితే బేరింగులు పోతాయి, అప్పుడు ఖర్చు పంపుతో ఆగదు. పొద్దున ఎంత సెల్ఫ్ కొట్టినా లేవకపోవడం, నట్లు వదులు చేస్తే ఒక లైన్‌లో డీజిల్ రాకపోవడం, ఐడిల్‌లో ఇంజిన్ తనంతట తానే పెరగడం, తగ్గడం, ఇవన్నీ ఎయిర్ పూర్తిగా తీశాక కూడా ఉంటే పంపు అనుమానం న్యాయమైనదే.

మీది ఇన్‌లైన్ కాబట్టి మీకు వర్తించదు గానీ, రోటరీ పంపు (తిరిగే ఒకే భాగం అన్ని సిలిండర్లకూ డీజిల్ పంచే రకం) ఉన్నవాళ్లు చదువుతుంటే వాళ్లకోసం చెప్తున్నా. అరిగిన రోటరీ పంపు చల్లగా ఉంటే లేస్తుంది, వేడెక్కి ఆపితే మళ్లీ లేవదు, పంపు మీద తడి గుడ్డ వేసి చల్లబరిస్తే లేస్తుంది. హ్యాండ్ పంపు కొట్టినా ఉపయోగం ఉండదు. వేడికి డీజిల్ పలచబడి అరిగిన సందుల్లోంచి జారిపోవడమే కారణం. రోటరీ పంపుకు డీజిలే ఆయిల్ కూడా, అందుకే అందులోకి నీళ్లు పోతే తొందరగా పాడవుతుంది.

డీజిల్ విషయానికి వస్తే, బంక్ మీద అనుమానం ఉంటే పోయించుకునే ముందే డెన్సిటీ చూపించమని, ఐదు లీటర్ల కొలత పెట్టమని అడగొచ్చు, అది మీ హక్కు. ఇంట్లో అయితే గాజు సీసాలో పోసి రాత్రంతా కదలకుండా పెట్టండి, నీళ్లు ఉంటే పొద్దునకు అడుగున విడిగా కనబడతాయి. అయితే నేను చూసినంతలో నీళ్లు ఎక్కువగా వచ్చేది బంక్ నుంచి కాదు, బోరు దగ్గర ఎండకు వానకు పడి ఉన్న క్యాన్లలోంచి, రాత్రి సగం ఖాళీగా వదిలిన ట్యాంకులోంచి. రాత్రి చల్లబడ్డప్పుడు ఖాళీ భాగంలోని గాలి తేమ లోపలి రేకు మీద చుక్కలుగా దిగుతుంది. పని అయిపోగానే సాయంత్రమే ట్యాంకు నింపండి, పొద్దున ఇంజిన్ తిప్పకముందే ఫిల్టర్ గిన్నె కింది డ్రెయిన్ వదులు చేసి కాస్త వదలండి. పోసేటప్పుడు పాత చీర గుడ్డ వద్దు, దాని నూలు పోగులే లోపలికి పోతాయి. సన్న జాలి ఉన్న గరాటు వాడండి.

ఇవన్నీ చూశాక కూడా పంపు వరంగల్ వెళ్లాల్సిందే అని తేలితే, విప్పే ముందు పంపు ఫ్లాంజ్ (ఇంజిన్‌కు బిగించే అంచు) మీదుగా ఇంజిన్ బాడీ మీదికి ఉలితో ఒక గీత పెట్టించండి, బిగించేటప్పుడు టైమింగ్ తప్పదు. విప్పిన పైపుల కొసలకు శుభ్రమైన కవర్లు కట్టండి. పంపుతో పాటు నాజిళ్లూ తీసుకెళ్లి, ఎంత ప్రెషర్‌కు తెరుచుకుంటున్నాయో మీ కళ్ల ముందే బెంచ్ మీద చూపించమనండి. పని అయ్యాక పంపుకు సీలు వేయించుకోండి. పికప్ పెంచుతానని ఎవరైనా ఆ సీలు తెంచి స్క్రూ తిప్పుతానంటే ఒప్పుకోకండి, నాలుగు రోజులు బండి ఉరుకుతుంది, ఆ తర్వాత నల్ల పొగ, డీజిల్ ఖర్చు, చివరికి పిస్టన్లు.

ముందు మూత, తర్వాత డబ్బా పరీక్ష. పొగ రంగు, డబ్బాతో ఎంతసేపు నడిచింది, ఈ రెండూ రాయండి, అక్కడినుంచి ముందుకు చూద్దాం.